ఒక్కరే వెళ్లండి... ఎముకలు మాట్లాడతాయి!

మ్యూజియం అనగానే గుర్తొచ్చేదేంటి? బడి బస్సు, పిల్లల వరుస, 'పదండి... పదండి' అంటూ మాస్టారి కేకలు. లేదంటే చంకలో పిల్లాడు, చేతిలో టిఫిన్ డబ్బా. చూసొచ్చాక మనసులో మిగిలేది చాలా తక్కువ. అదే ఒక్కరే వెళ్తే? తొందరపెట్టేవారే ఉండరు. ఒక్క ఎముక ముందు అరగంట నిలబడ్డా అడిగేవారు లేరు.

నంద్యాల జిల్లా వెలుగోడులో బస్సెక్కి ఆత్మకూరు, కర్నూలు మీదుగా హైదరాబాద్ చేరితే నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది. అక్కడి డైనోసారియంలో 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తుతో నిలబడి ఉంటుంది కోటాసారస్. 16 కోట్ల ఏళ్లకు పైబడిన జీవి. ఇంత దేహమున్నా శాకాహారే!

గుంపులో వెళ్తే 'అబ్బో, ఎంత పెద్దదో' అని కదిలిపోతాం. ఒంటరిగా నిలబడితే ప్రశ్నలు పుడతాయి. ఇది ఒక్క జంతువేనా? కాదు. ఒకేచోట దొరికిన దాదాపు డజను జంతువుల ఎముకల్లోంచి కూర్చిన రూపమిది. మరి తల? అసలు పుర్రె దొరకనే లేదు. అక్కడ కనిపించేది శాస్త్రజ్ఞులు ఊహించి చేసినది.

ఇక పేరు చూడండి... 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్'. ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి అనే పల్లె పేరది! జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వి తీసిన ఈ ఎముకలకు 1988లో పి.యాదగిరి ఆ పేరు పెట్టారు.

'మరి మా వైపు ఏమీ లేవా?' అనిపిస్తుంది వెలుగోడు మనిషికి. ఎందుకు లేవు! నంద్యాల నుంచి డోన్ వెళ్లే రైలు దారిలో బేతంచెర్ల వస్తుంది. బేతంచెర్ల అంటే అందరికీ బండలే గుర్తు. ఆ దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే దొర ఇక్కడి ఎముకల గురించి రాశాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ తర్వాత ఆయన కొడుకు తవ్వించారు. బయటపడ్డవాటిలో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి. లైడెక్కర్ 1886లో దానికి పెట్టిన పేరు 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్'. అంటే, కర్నూలు ఖడ్గమృగం!

ఊరి పేరు శాస్త్రంలో నిలిచింది. ఎముకలు మాత్రం ఊరు దాటిపోయాయి. ఇక్కడి పిల్లల్లో ఎందరికి తెలుసు, ఒకప్పుడు మన కొండల్లో ఖడ్గమృగం తిరిగిందని?

అందుకే ఒకసారి ఒక్కరే వెళ్లి చూడాలి. చూసొచ్చి ఇంట్లో చెప్పాలి. గుహలకు మాత్రం ఒంటరిగా వద్దు, దారి తెలిసినవారిని వెంటబెట్టుకోండి. మ్యూజియానికి వెళ్తే చిన్న నోటుపుస్తకం చాలు. అన్నీ చూడాలన్న ఆరాటం వద్దు. మూడు వస్తువులు ఎంచుకుని, వాటి పక్కనున్న చీటీలు పూర్తిగా చదవండి. వాటిలో ఏదో ఒకదాని మీద మనకు తెలిసిన ఊరి పేరు కనపడొచ్చు!