అంబేద్కర్ పుస్తకాల పీడీఎఫ్‌లు: ఏది మనది, ఏది చౌర్యం?

మేము చదువుకున్న హాస్టళ్ళలో అంబేద్కర్ పుస్తకం అంటే జెరాక్సు కాపీయే. ఒకరి దగ్గర అసలు పుస్తకం ఉండేది, పదిమందిమి డబ్బులేసుకుని కాపీలు తీయించుకునేవాళ్ళం. కాపీరైటు అనే మాట అప్పుడు మా చెవినే పడలేదు. ఇవాళ అదే పని వాట్సాప్‌లో క్షణంలో అయిపోతోంది. ఇది పైరసీ అని ఒకరు, చదువుకునే హక్కు అని ఇంకొకరు. ఏ పుస్తకం, ఎవరి శ్రమ అని అడక్కుండానే ఇద్దరూ తీర్పు చెప్పేస్తున్నారు.

1957 కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకం మీద హక్కు ఆయన చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు నడుస్తుంది. మొదట్లో అది 50 ఏళ్ళే. ఠాగూరు రచనల గడువు ముగియవస్తోందని 1992లో చట్టం సవరించి 60 చేశారు. బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న పరినిర్వాణం పొందారు. పాత లెక్కన ఆయన పుస్తకాలు 2007 జనవరి నుంచే అందరివీ కావాలి. ఠాగూరు కోసం పెంచిన ఆ పదేళ్ళూ మనమూ మోశాం. 1936 నాటి 'కుల నిర్మూలన', 1946 నాటి 'శూద్రులెవరు' వంటివి 2017 జనవరి 1న గానీ విడుదల కాలేదు. ఇప్పుడు వాటి ఇంగ్లీషు మూలాన్ని ఎవరైనా అచ్చువేయొచ్చు, నెట్‌లో పెట్టొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయన పోయాక మొదటిసారి అచ్చయిన రచనలకు లెక్క వేరు. వాటికి 60 ఏళ్ళు అచ్చయిన ఏటి నుంచి. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' 1957లో వచ్చింది కాబట్టి 2017తో ముగిసింది. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాల్లో 1987లో బయటికొచ్చింది. దాని మీద హక్కు 2047 దాకా ఉంటుంది. రాసిన మనిషి పోయి తొంభై ఏళ్ళు దాటాక కూడా! ఆ సంపుటాల ముద్రణ ఎంతగా కుంటుపడిందంటే 2021లో బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవాల్సివచ్చింది. పుస్తకం దొరకనివ్వకుండా, కాపీ తీసుకున్నవాణ్ణి దొంగ అంటే మేము ఒప్పుకోం.

అయితే తెలుగు అనువాదాల సంగతి వేరు. మూలం అందరిదైనా అనువాదం అనువాదకుడిదే. ఆయన బతికున్నన్నాళ్ళూ, పోయాక 60 ఏళ్ళూ ఆ హక్కు ఉంటుంది. మనకు అనువాదాలు చేసినోళ్ళు ఎవరు? ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు కూర్చుని రాసిన ఉద్యమ కార్యకర్తలే. అచ్చు వేసింది అప్పుచేసిన చిన్న ప్రచురణకర్తలు. అయిదొందల కాపీల పుస్తకం అచ్చయిన నెలకే స్కానై గ్రూపుల్లో తిరిగితే, రెండో పుస్తకానికి కాగితం కొనే డబ్బు పుట్టదు. ఇక్కడ నష్టపోయేది ఏ పెద్ద కంపెనీయో కాదు, మనోళ్ళే. మా మిత్రుడొకాయన తన అనువాదాన్ని ఎవరో పంపిన పీడీఎఫ్‌గా చూసుకున్నాడు. పేరున్న పేజీ కోసేశారు. "డబ్బులొద్దు, ఆ పేజీ అతికించమనండి" అన్నాడు. ఆ పేరు కోసం అడిగే హక్కు 57వ సెక్షను ఇచ్చిందే. హక్కు అమ్ముకున్నా అది పోదు.

ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్సు కేసును ఈ గ్రూపులకు అడ్డం పెట్టుకునేవాళ్ళున్నారు. మూడు విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన ఆ దావాను 2016లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. డివిజన్ బెంచి కొంత విచారణ మిగిల్చినా, 2017లో ప్రచురణకర్తలే తప్పుకున్నారు. మంచి తీర్పే. కానీ అది పాఠం చెప్పే క్రమంలో తీసే కాపీల గురించి. కొత్త పుస్తకం మొత్తం స్కాన్ చేసి వెయ్యిమందికి పంపడం పాఠం చెప్పడం కాదు.

మరి ఏం చేయాలి? మొదట పాత ఒప్పందాలు బయటికి తీయాలి. 1995 తర్వాతి ఒప్పందంలో గడువు రాయకపోతే, 19వ సెక్షను ప్రకారం అయిదేళ్ళే లెక్క. అంటే చాలా అనువాదాల హక్కు ఈపాటికి అనువాదకుడికి తిరిగొచ్చి ఉంటుంది. నోటిమాటతో అయితే అసలు ప్రచురణకర్త చేతికి పోనే లేదు. అమ్మకంలో లేని పుస్తకాన్ని అనువాదకుడి అనుమతితో మనమే శుభ్రంగా స్కాన్ చేసి, పేరూ సంవత్సరమూ ఉన్న పేజీలతో ఉచితంగా పెట్టాలి. పేజీలు ఎగిరిపోయిన దొంగ కాపీని అప్పుడెవరూ వెతకరు. అమ్మకంలో ఉన్నదాన్ని ఎవరైనా వెబ్‌సైటులో పెడితే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. 2013 నిబంధనల ప్రకారం 36 గంటల్లో దాన్ని ఆపాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. అంత ఖర్చు మనకెక్కడిది? వాట్సాప్‌లో అయితే ఆ దారి కూడా లేనట్టే. పంపినతనికి ఫోన్ చేయడమే మేలు. సాధారణంగా అతను మన పాఠకుడే అయ్యుంటాడు.

ఫైలుకు తాళం వేయమని కొందరి సలహా. మేము వేయం. కంటిచూపు లేని పాఠకుల యంత్రాలు చాలాసార్లు అలాంటి ఫైళ్ళను చదవలేవు.

మా పాత సంచికలను కూడా స్కాన్ చేయిస్తున్నాం. అందులో కవితలు రాసినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలను ఊరూరా అడిగి, సంతకం తీసుకున్నాకే ఆ పేజీలు బయటపెడతాం.