పీఎంపీకి మీ నెలలు చాలుతాయా?

బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు ఎనిమిదేళ్లో పదేళ్లో సర్వీసు నిండగానే ఒక ఆలోచన మొదలవుతుంది. కోడ్ రాసింది చాలు, ఇక మేనేజర్ దారి పట్టాలి అని. ఆ దారిలో మొదట వినబడే పేరు పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్. అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఈ సర్టిఫికెట్‌ను 1984 నుంచి ఇస్తోంది. బెంగళూరులో ఆ సంస్థకు చాప్టర్ ఉంది, హైదరాబాద్‌లో కూడా పెర్ల్ సిటీ పేరుతో ఇంకొకటి ఉంది. పరీక్ష కష్టమా అని అందరూ అడుగుతారు. కష్టమే. కానీ అసలు పరీక్షకు కూర్చోనిస్తారా అనేది అంతకన్నా ముందు తేలాల్సిన సంగతి. చాలామంది తడబడేది అక్కడే.

2021 నుంచి నడుస్తున్న లెక్క చెబుతాను. నాలుగేళ్ల డిగ్రీ గానీ దానికి సమానమైన చదువు గానీ ఉన్నవాళ్లకు గత ఎనిమిదేళ్లలో 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి. ఇంటర్‌తోనో పాలిటెక్నిక్ డిప్లొమాతోనో ఆగినవాళ్లకు అదే 60 నెలలు. దీనికి తోడు ఇద్దరికీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో 35 గంటల శిక్షణ ఉండాలి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్‌లో చేరినవాళ్లు మొదటి వరుసలోకే వస్తారు. మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లు మాత్రం తమది ఏ వరుసో ముందే సంస్థను అడిగి తేల్చుకోవడం మేలు. ఈ నియమాలను సంస్థ అప్పుడప్పుడూ మారుస్తుంటుంది. కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున వాళ్ల చేతిపుస్తకంలో ఏముందో అదే చెల్లుబాటు.

ఇంతకుముందు ఈ లెక్క గంటల్లో ఉండేది. డిగ్రీ ఉన్నవాళ్లు 4,500 గంటలు, లేనివాళ్లు 7,500 గంటలు చూపించాల్సి వచ్చేది. అదీ ప్రాజెక్టు ప్రారంభానికి ఇన్ని, ప్రణాళికకు ఇన్ని, అమలుకు ఇన్ని అని విడదీసి మరీ. ఎప్పుడో నాలుగేళ్ల కిందటి మంగళవారం ప్రణాళిక వేశామా, పర్యవేక్షణ చేశామా అన్నది ఎవరికి గుర్తుంటుంది? ఎక్సెల్ షీట్లలో అంకెలు వండివార్చడమే ఎక్కువగా జరిగేది. ఇప్పుడు నెలలు చెబితే చాలు. పని తగ్గింది నిజమే, చిక్కు మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఈ 36 నెలలను మనవాళ్లు మూడేళ్ల సర్వీసు అనుకుంటారు. సర్వీసు వేరు, ప్రాజెక్టు నడపడం వేరు.

ముందు ప్రాజెక్టు అంటే ఏమిటో చూద్దాం. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా నమ్మ మెట్రో పసుపు లైను 2025 ఆగస్టులో మొదలైంది. స్తంభాలు లేపి, పట్టాలు పరిచి, సిగ్నళ్లు అమర్చి ఆ లైనును అప్పగించేదాకా జరిగింది ప్రాజెక్టు. దానికి ఒక మొదలు ఉంది, ఒక చివర ఉంది, చివర్లో అంతకుముందు లేనిదొకటి చేతికొచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా రోజూ రైళ్లు నడపడం ప్రాజెక్టు కాదు, అది నిర్వహణ. ఎంత కష్టమైనా, ఎంతమందితో చేయించినా నిర్వహణే. ఇదే గీతను ఆఫీసులోకి తెచ్చుకుంటే చాలామంది రెజ్యూమేలు సగానికి తగ్గిపోతాయి. బ్యాంకు అప్లికేషన్‌కు రాత్రీ పగలూ ప్రొడక్షన్ సపోర్ట్ ఇచ్చిన నాలుగేళ్లు, టికెట్లు క్లోజ్ చేయించిన షిఫ్టులు, ప్రతి నెలా ఒకేలా నడిచే రిపోర్టులు లెక్కలోకి రావు. అదే అప్లికేషన్‌ను పాత సర్వర్ల నుంచి క్లౌడ్‌కు మార్చిన పది నెలల పని వస్తుంది. బెంచ్ మీద కూర్చున్న నెలలు ఎలాగూ రావు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఎంత బ్రహ్మాండంగా నడిపించినా అదీ రాదు, ఉద్యోగంలో భాగంగా చేసినదే కావాలి.

ఇక నడపడం. హోదా ఏదైనా ఫరవాలేదు. విజిటింగ్ కార్డు మీద ప్రాజెక్ట్ మేనేజర్ అని లేకపోయినా, పని పరిధి తేల్చి, షెడ్యూల్ వేసి, ఎవరేం చేయాలో పంచి, రిస్కులు ముందే పసిగట్టి, క్లయింటుకు జవాబు చెప్పుకున్నవాళ్లు అర్హులే. వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ బ్లాకు కట్టించిన సైట్ ఇంజనీరు, ఆస్పత్రిలో కొత్త రికార్డుల వ్యవస్థ పెట్టించిన అధికారి ఐటీ వాళ్లతో సమానంగా అర్హులు. ఇంకోవైపు, పెద్ద ప్రాజెక్టులో పనిచేసినంత మాత్రాన సరిపోదు. వందమంది టీమ్‌లో మూడేళ్లు టెస్టింగ్ చేసినవాళ్లు ప్రాజెక్టులో ఉన్నారు గానీ ప్రాజెక్టును నడపలేదు. ఈ తేడా ఒప్పుకోవడానికి మనసు కొంచెం మొరాయిస్తుంది.

అసలు గమ్మత్తు నెలలు కూడేటప్పుడు ఉంది. ఒక టీమ్ లీడ్‌ను ఊహించుకోండి. 2021 జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక ప్రాజెక్టు నడిపారు, 12 నెలలు. ఆ ఏడాది జులైలోనే రెండోది మీద పడింది, అది 2022 జూన్‌లో ముగిసింది, మళ్లీ 12. మూడోది 2022 సెప్టెంబరు నుంచి 2023 నవంబరు దాకా, 15. మొత్తం 39 అయింది కదా అని ఆయన సంబరపడతారు. కానీ ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఆ నెల ఒక్కసారే లెక్క. 2021 జులై నుంచి డిసెంబరు దాకా ఉన్న ఆరు నెలలు రెండుచోట్లా పడ్డాయి. అవి తీసేస్తే మిగిలేది 33, ఇంకో మూడు నెలలు తక్కువ. ఒకే మనిషి నెత్తిన రెండు మూడు ప్రాజెక్టులు పెట్టడం మామూలైన కంపెనీల్లో ఎక్కువ కష్టపడినవాళ్లకే ఈ దెబ్బ తగులుతుంది. న్యాయమా అంటే చెప్పలేను, నియమం మాత్రం అదే.

ఎనిమిదేళ్ల గడువు మాత్రం నాకు నచ్చదు. పిల్లలు పుట్టాక ఐదారేళ్లు ఉద్యోగం మానేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అంతకుముందు నాలుగేళ్లు పెద్దపెద్ద ప్రాజెక్టులు నడిపినా, ఆ నెలలు ఒక్కొక్కటే గడువులోంచి జారిపోతుంటాయి. అలాంటివాళ్లు తిరిగి చేరిన వెంటనే, పాత నెలలు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకుంటే మంచిది. ఆలస్యం చేసేకొద్దీ నష్టమే.

అనుభవాన్ని రాయడం కూడా ఒక పనే. ప్రతి ప్రాజెక్టుకూ దాని లక్ష్యం, అందులో మీ పాత్ర, బాధ్యతలు, చివరికి చేతికొచ్చిన ఫలితం ఒక పేరాలో చెప్పాలి. చాలామంది ఇక్కడ కంపెనీ బ్రోచర్ రాసేస్తారు. "మేము" అనే మాట పక్కన పెట్టి "నేను షెడ్యూల్ వేశాను, నేను మార్పుల అభ్యర్థనలు పరిశీలించాను" అని రాయాలి. మనకు ఇది కొంచెం సిగ్గు. మన గురించి మనం చెప్పుకుంటే గొప్పలు అనుకుంటారేమోనని పెరిగినవాళ్లం. కానీ దరఖాస్తు చదివేవాళ్లకు టీమ్ ఏం చేసిందో అక్కర్లేదు. క్లయింటు రహస్యాలు బయటపడకుండా పని స్వభావం చెబితే చాలు.

శిక్షణ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 35 గంటలంటే రెండు శనాదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే దాదాపు అయిపోతుంది. సంస్థ గుర్తించిన శిక్షణ కేంద్రాలు, విశ్వవిద్యాలయాలు, మీ కంపెనీ పెట్టే తరగతులు, చివర పరీక్ష ఉండే ఆన్‌లైన్ కోర్సులు, ఏవైనా చెల్లుతాయి. ఇంట్లో కూర్చుని పుస్తకం చదువుకున్న గంటలు మాత్రం చెల్లవు. అమీర్‌పేటలో నేర్చుకున్న జావా ఎంత పనికొచ్చినా ఇక్కడ పనికిరాదు, విషయం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంటే అయి ఉండాలి. దరఖాస్తు పంపేలోగా కోర్సు పూర్తి కావాలి. నెలల్లాగా ఈ గంటలకు కాలదోషం లేదు, ఎప్పుడో చేసిన కోర్సు సర్టిఫికెట్ దాచుకుని ఉంటే ఇప్పుడూ పనికొస్తుంది.

దరఖాస్తు ఆమోదం పొందాక, ఫీజు కట్టాక, కొందరిని యాదృచ్ఛికంగా ఆడిట్‌కు ఎంచుకుంటారు. అప్పుడు డిగ్రీ, శిక్షణ సర్టిఫికెట్లు పంపాలి, ప్రతి ప్రాజెక్టు గురించీ తెలిసినవాళ్లచేత సంతకం పెట్టించాలి. ఇదంతా చేయడానికి 90 రోజుల గడువు. ఒకప్పుడు సంతకం చేసినవాళ్లే కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, అంటించిన చోట మళ్లీ సంతకం పెట్టేవాళ్లు. ఇప్పుడంతా ఆన్‌లైన్. సమస్యల్లా మనుషులను పట్టుకోవడమే. బెంగళూరులో రెండేళ్లకోసారి కంపెనీ మారడం మామూలు. మీ మేనేజర్ ఇప్పుడు సియాటిల్‌లో ఉండొచ్చు, పాత కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయి ఉండొచ్చు. రిలీవింగ్ లెటర్‌తో పాటు ప్రాజెక్టు పేరు, మొదలూ ముగింపూ తేదీలు, మేనేజర్ సొంత ఈమెయిల్ ఒకచోట రాసి పెట్టుకుని బయటికొచ్చినవాళ్లకు ఆడిట్ అంటే భయం ఉండదు. దరఖాస్తు పెట్టేముందే ఆ పెద్దమనిషికి ఒక ఫోన్ చేసి, ఫలానా ప్రాజెక్టుకు మీ పేరు ఇస్తున్నాను సార్ అని చెప్పడం మర్యాద కూడా.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. మన ఉద్యోగ మార్కెట్‌లో "ఫేక్ ఎక్స్‌పీరియెన్స్" అనే సరుకు దొరుకుతుందని తెలియనివాళ్లు లేరు. పీఎంపీకి కూడా ఎవరో రాసిపెట్టిన ప్రాజెక్టు వివరాలు అతికించి పంపేవాళ్లున్నారు. ఆడిట్ రాకపోతే గట్టెక్కామనుకుంటారు. కానీ సర్టిఫికెట్ వచ్చాక కూడా ఆడిట్ చేసే హక్కు, అబద్ధమని తేలితే వెనక్కి తీసుకునే హక్కు సంస్థకున్నాయి.

33 నెలల దగ్గర ఆగిన ఆ టీమ్ లీడ్ విషయానికొస్తే, ఆయనకు దారి మూసుకుపోలేదు. ఈలోగా 35 గంటల శిక్షణ పూర్తిచేసుకోవచ్చు, ఇంకో ప్రాజెక్టు నడిపి మిగిలిన మూడు నెలలు పూడ్చుకోవచ్చు. అసలు ఇంకా ఏమీ నడపని కొత్తవాళ్లకు అదే సంస్థ సీఏపీఎం అనే చిన్న సర్టిఫికెట్ ఇస్తుంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ ఉంటే పరీక్ష రాయొచ్చు. అది చేతిలో ఉన్నవాళ్లు రేపు పీఎంపీకి వెళ్లినప్పుడు 35 గంటల శిక్షణ విడిగా చూపించనక్కర్లేదు. చదువును బట్టి 36 నెలలో 60 నెలలో మాత్రం వాళ్లూ పూర్తిచేయాల్సిందే.