కంప్యూటరు నుండి శబ్దం రానప్పుడు

గుమ్మిడిపూండి దాటి ఆరంబాకం వైపు సాగే రైలుమార్గంలో ఎలవూరు ఒక చిన్న స్టేషను. ఆంధ్ర సరిహద్దుకు చేరువలోని ఈ ప్రాంతంలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో ఒకటవ తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఇట్టి పిల్లలలో పలువురికి తెలుగు చెవికి తెలిసిన భాషే గాని కంటికి తెలిసిన భాష కాదు. వారు కంప్యూటరులో అక్షరాలు దిద్దుకొనే పాఠం మూగబోతే మిగిలేది అర్థంకాని గీతలే. చూపు లేనివారి సంగతి ఇంకా కష్టం. తెరపై ఉన్నదానిని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగునూ పలుకుతుంది. శబ్దం లేకుంటే వారికి కంప్యూటరే లేనట్టు.

శబ్దం ఆగిన వెంటనే పెట్టెను బస్సెక్కించి మరమ్మతు దుకాణానికి చేర్చనక్కరలేదు. కారణం చాలాసార్లు తీగలోనో, ఒక తప్పు ఎంపికలోనో ఉంటుంది.

మొదట స్పీకరును చూడాలి. చిన్న స్పీకర్లకు తరచు రెండు తీగలుంటాయి. యూఎస్‌బీ తీగ విద్యుత్తును మాత్రమే ఇస్తుంది. శబ్దం వచ్చేది 3.5 మిల్లీమీటర్ల గుండ్రని పిన్ను గల రెండవ తీగ ద్వారా. దీపం వెలిగింది గనుక అంతా సరిగానే ఉందనుకొని మోసపోయేవారే ఎక్కువ. ఆ పిన్ను పెట్టె వెనుక ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీ రంగుది మైకునకు, లేత నీలం రంగుది బయటి పరికరాల నుండి శబ్దం లోనికి తీసుకొనుటకు. పెట్టె ముందు భాగంలో ఎవరైనా హెడ్‌ఫోను తగిలించి మరచిపోయినా వెనుక స్పీకర్లు మౌనం వహించవచ్చు.

అన్నిటికంటె ఎక్కువ తికమక పెట్టేది మానిటరు. హెచ్‌డీఎంఐ తీగ చిత్రంతోపాటు శబ్దాన్నీ మోస్తుంది. దానిని తగిలించగానే విండోస్ కొన్నిసార్లు శబ్దాన్ని మానిటరుకే పంపడం మొదలుపెడుతుంది. మానిటరులో స్పీకరే లేకపోతే ఆ శబ్దం ఎవరికీ వినబడదు. కొత్త మానిటరు కొన్న మరునాడే శబ్దం పోయిందంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. తెర అడుగున కుడివైపు ఉన్న స్పీకరు గుర్తుపై మౌసు కుడి బటను నొక్కి, సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌పుట్ అన్నచోట మానిటరు పేరుకు బదులు స్పీకర్స్ అన్నదానిని ఎంచుకోవాలి. అక్కడి వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కొక్క ప్రోగ్రాముకు విడిగా శబ్దం హెచ్చించే వీలుంది. వీడియోలో లేని శబ్దం పాటల ప్రోగ్రాములో వస్తుంటే లోపం స్పీకరుది కాదు. బ్రౌజరు మ్యూట్‌లో ఉండి ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా ఫలితం లేకుంటే కంప్యూటరును ఒకసారి రీస్టార్ట్ చేయాలి. అప్పటికీ కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ రీస్టార్ట్ చేస్తే విండోస్ దానిని సాధారణంగా తనంతట తానే తిరిగి అమర్చుకొంటుంది. ఆ సమయంలో డ్రైవరును కూడా తొలగించాలా అని అడిగే గడిలో టిక్కు పెట్టరాదు. డ్రైవర్లను సరిచేస్తామంటూ ఇంటర్నెట్టులో ఎదురయ్యే ప్రోగ్రాములను దించుకోరాదు; పోయిన శబ్దం రాకపోగా కొత్త తలనొప్పి రావచ్చు.

చివరి పరీక్ష ఒకటుంది. పొరుగింటి నుండి యూఎస్‌బీ హెడ్‌సెట్టు ఒకటి తెచ్చి తగిలించి, అవుట్‌పుట్‌లో దానిని ఎంచుకోవాలి. దానికి సొంత సౌండ్ చిప్పు ఉంటుంది. అందులో పలికి, మరో పరికరంతో బాగా పనిచేస్తున్న స్పీకరులో పలకకుంటే లోపం పెట్టెలోని రంధ్రంలోనో, సౌండ్ చిప్పులోనో ఉందని అనుకోవచ్చు. అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చమన్న మాటకు తొందరపడి తలూపనక్కరలేదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ అడాప్టరు కొని, పాత స్పీకరు పిన్నును దానిలో పెట్టుకొంటే చాలు.