బండి ముందా, బంకు ముందా

2004 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ డేవిస్ విశ్వవిద్యాలయంలో ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. 2010 కల్లా పెద్ద రహదారుల వెంట ప్రతి 20 మైళ్లకూ ఒక హైడ్రోజన్ బంకు ఉండాలన్నది ఆయన కల. ఇరవై ఏళ్లు గడిచినా ఆ రాష్ట్రంలో బంకుల సంఖ్య వందకు చేరలేదు.

కలలో తప్పేమీ లేదు. ట్యాంకులో ఒత్తిడితో కుక్కిన హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌లోకి వెళ్లి గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. అప్పుడు పుట్టే కరెంటుతో మోటారు తిరుగుతుంది. గొట్టంలోంచి పొగ రాదు, నీళ్లు కారతాయి. ట్యాంకు నిండడానికి అయిదు నిమిషాలు చాలు. లాస్ ఏంజెలెస్ పొగతో దశాబ్దాలుగా కళ్లు మండిన రాష్ట్రం దీనిమీద ఆశ పెట్టుకోవడంలో వింత లేదు.

చిక్కల్లా విత్తు ముందా చెట్టు ముందా అన్నదే. బంకు లేనిదే కారు కొనరు, కార్లు లేనిదే బంకు పెట్టరు. ఆ ముడి విప్పడానికి సర్కారే చేతిలోంచి డబ్బు తీసింది. కనీసం 100 బంకులు వచ్చేదాకా ఏటా 2 కోట్ల డాలర్ల వరకు ఇస్తామని 2013లో చట్టం చేసింది. వాహనాల రిజిస్ట్రేషన్ రుసుముల్లోంచి వచ్చే సొమ్మది, అంటే పెట్రోలు కారు నడిపేవాళ్లు కూడా అందులో భాగస్వాములే. హైడ్రోజన్ కారు కొన్నవారికి 4,500 డాలర్ల రాయితీ, ఒక్కరే ప్రయాణిస్తున్నా కార్‌పూల్ లేన్‌లో వెళ్లే వెసులుబాటు కల్పించింది. టొయోటా తన మిరాయ్ కారుతో 15,000 డాలర్ల ఇంధన కార్డు కూడా ఇచ్చింది.

ఇన్ని చేసినా గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎంతకు వస్తుంది అన్న దగ్గర పట్టు దొరకలేదు. 2019 జూన్‌లో శాంటా క్లారాలో బంకులకు గ్యాస్ పంపే ఒక హైడ్రోజన్ కేంద్రంలో పేలుడు జరిగింది. తెలుగు కుటుంబాలెన్నో కాపురముంటున్న ఆ బే ఏరియాలో వారాల తరబడి బంకులు ఖాళీగా ఉండిపోయాయి. 2023 నాటికి కొన్ని బంకుల్లో కిలో ధర 36 డాలర్లకు ఎగబాకింది. మిరాయ్ ట్యాంకు నింపాలంటే 200 డాలర్లన్నమాట! మరుసటి ఏడాది ఫిబ్రవరిలో షెల్ సంస్థ రాష్ట్రంలో కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది. రాయితీని నమ్మి కారు కొన్న మనిషికి అన్యాయం జరిగిందని చెప్పక తప్పదు.

బ్యాటరీ బండికి ఆ తిప్పలు లేవు, చాలామందికి ఇంట్లో ప్లగ్గే బంకు. అటువైపు మొగ్గిన తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా ఎత్తేసి, 2026 చివరిదాకా గడువిచ్చింది. తేలికగా అర్థమయ్యే, వెంటనే చేతికందే సాయమది.

మరి హైడ్రోజన్‌కు చోటెక్కడ? కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ రేవులో 30 హ్యుందాయ్ హైడ్రోజన్ లారీలు సరుకు మోస్తున్నాయి. రోజూ తిరిగేది దాదాపు ఒకే దారి కాబట్టి పెద్ద బంకు ఒక్కటున్నా వాటికి పని జరుగుతుంది.

ఆంధ్రప్రదేశ్ అయితే బండి జోలికి పోకుండా కర్మాగారంతోనే మొదలుపెట్టింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా పెట్టుబడి 1.85 లక్షల కోట్ల రూపాయలు, లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. ఆ గ్యాస్ చాలావరకు మిథనాల్‌గా, యూరియాగా, విమాన ఇంధనంగా మారి ముఖ్యంగా విదేశాలకు వెళ్లాలన్నది ప్రణాళిక.