సింకులో నీళ్లు నిలిస్తే...

వంటింటిలో ఇల్లాలి మెప్పు పొందే వస్తువులు చాలా ఉన్నవి. మిక్సీని మెచ్చుకుంటాం, కుక్కరును మెచ్చుకుంటాం, పుట్టింటివారిచ్చిన ఇత్తడి గుండిగను వచ్చినవారందరికీ చూపిస్తాం. కాని సింకు కింద చీకటిలో నక్కి, మూడు పూటలా మన ఎంగిలి నీళ్లన్నీ నోరెత్తకుండా మింగే గొట్టాన్ని పలకరించిన వారెవరు? అది మొరాయించిన నాడు గాని దాని విలువ మనకు తెలిసిరాదు.

పాతకాలపు పెంకుటిళ్లలో ఈ బెడద లేదు. అంట్లు పెరటిలో తోమేవారు. కట్టెల బూడిదలో క్షారగుణమున్నది గనుక జిడ్డును కొంతవరకు అదే విరిచేసేది. కడిగిన నీళ్లు జలదారి వెంట పోయి అరటిపాదులో ఇంకేవి. ఫ్లాటులో అరటిపాదు ఎక్కడిది? హైదరాబాదులో మేముండేది మూడో అంతస్తు. మేము వంచిన నీరు సన్నని గొట్టంలో పడి, గోడలో దూరి, ఐదు అంతస్తులకూ ఉమ్మడిగా ఉన్న నిలువు గొట్టంలో కలిసి కిందికి దిగవలె.

సింకు కింద గొట్టం తిన్నగా దిగకుండా వంపు తిరిగి ఉండడం మీరూ చూసే ఉంటారు. కొన్నిటికి వంపు బదులు బుడ్డి ఉంటుంది. "ఈ వంకర దేనికి? తిన్నగా పెడితే అడ్డే పడదు గదా!" అన్నారు మా వారు. ఆ వంకరలోనే ఉన్నది కిటుకంతా. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే మూత. మురుగు కాలువలోని దుర్గంధం మన వంటింటిలోకి రాకుండా కాపలా కాసేది ఆ గుక్కెడు నీరే. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డికి ఇటువంటి వంపు గొట్టం అమర్చి పేటెంటు పొందాడు. గడియారాలు చేసే బుర్ర గనుకనే అంత చిన్న ఉపాయం తట్టింది కాబోలు!

మొన్న కార్తీకమాసంలో మా ఇంట పదిమంది చుట్టాలు భోజనం చేశారు. గారెలు, బూరెలు, పులిహోర—ఏ లోటూ లేదు. తెల్లవారేసరికి సింకు నిండు చెరువు! ప్లంబరుకు ఫోను చేస్తే, "రేపు వస్తానమ్మా" అన్నాడు. ఆ రేపు గోడ మీద రాసిపెట్టే 'రేపు రా' వంటిదని ఫ్లాటుల్లో కాపురం చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

సలహాలకు మాత్రం కొదువ లేదు. మా వారు తినే సోడా, వెనిగరు కలిపి పోయమన్నారు. ఆ రెండూ కలిస్తే బుస్సుమని పొంగే మాట నిజమే. కాని సోడా క్షారం, వెనిగరు ఆమ్లం. ఒకదాని శక్తిని ఒకటి చంపుకుని, చివరకు మిగిలేది ఉప్పునీరు వంటి ద్రవం. చూడడానికి వేడుకే గాని గట్టిపడ్డ జిడ్డు కదలదు.

ఇంతలో ఎదురు ఫ్లాటు వదినగారు యాసిడు సీసా పట్టుకొచ్చారు. అప్పటికే మా పనిమనిషి సింకులో బ్లీచింగు పౌడరు చల్లి ఉన్నది. "వదినగారూ, మీకు పుణ్యముంటుంది, ఆ మూత తీయకండి!" అని చేయి పట్టుకున్నాను. బ్లీచింగు పౌడరు మీద యాసిడు పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న వంటింటిలో అది ఊపిరితిత్తులను కాల్చివేయగలదు. బజారులో దొరికే తూము పొడులలో తరచు ఉండేది కాస్టిక్ సోడా. నీళ్లు తగిలితే సలసల కాగి మొహాన చిమ్మవచ్చును. పైగా అది పోసిన తరువాత గొట్టం విప్పేవాడి చేతుల గతి ఏమిటి? మనం పోసింది ఏమిటో అతనికి ఏం తెలుసు?

ఇక నేనే కొంగు బిగించాను. ముందుగా మగ్గుతో నీళ్లు తోడి పోశాను. తరువాత పై ఫ్లాటు పిన్నిగారిని వాళ్ల సింకులో బకెట్టెడు నీళ్లు పారబోయమన్నాను. మా సింకులో నీళ్లు పైకి రాలేదు. వచ్చి ఉంటే అడ్డు ఉమ్మడి గొట్టంలో ఉన్నట్లు. అప్పుడు మన ఇంట్లో ఎంత పొడిచినా లాభం లేదు. రాలేదు గనుక అడ్డు మా వాటాలోనే.

పిమ్మట రబ్బరు ప్లంజరు. సింకులో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుంచి, పక్కనున్న చిన్న కన్నాలను తడిగుడ్డతో గట్టిగా మూసి, పదిహేను సార్లు కిందికీ పైకీ లాగవలె. గుడ్డ పెట్టకపోతే బలమంతా ఆ కన్నాలలోంచి పోతుంది. మా అడ్డు దీనికి లొంగలేదు. కింద బకెట్టు పెట్టి, వంపు గొట్టం మరలు చేతితోనే విప్పి, కడిగాను. అందులో ఉన్నవి చారెడు మెతుకులూ, ఒక చెంచా! అసలు శత్రువు ఇంకా లోపల ఉన్నాడు. హార్డ్‌వేరు కొట్టులో స్ప్రింగు తీగ తెప్పించి, గోడలోకి పోయే గొట్టంలో తోసి, తిప్పుతూ తిప్పుతూ పోయాను. మూరెడు దూరంలో తగులుకున్నది. లాగితే వచ్చింది జేనెడు తెల్లటి ముద్ద—కొవ్వొత్తి వలె ఉన్నది. దానిలో కరివేపాకు ఈనెలు, టీ పొడి, చింతపండు పీచు.

నూనె పోసినప్పుడు నీళ్లలాగే జారిపోతుంది. కాని చలికి నెయ్యి, వనస్పతి గొట్టం గోడకు పేరుకుంటాయి. బోరు నీళ్లలోని సున్నం జిడ్డుతో కలిసి గట్టి సబ్బులా మారుతుంది. ఆపైన ప్రతి పీచూ దానికి అంటుకుంటుంది. ఇది మన ఒక్కరి జాడ్యమే కాదు. 2017లో లండనులోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగు కాలువలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు గల జిడ్డు కొండ బయటపడింది!

మా సింకు బాగుపడిన నెలకు గ్రౌండు ఫ్లోరు మామ్మగారి సింకులోంచి మురుగు ఎగదన్నింది. ఈసారి అడ్డు ఉమ్మడి గొట్టం అడుగున. ఐదు అంతస్తుల నీళ్లూ వచ్చి ఆమె వంటింటిలో నిలిచినవి. ఇటువంటివి ఎప్పుడు జరిగినా ప్లంబరు కూలి ఆమె ఒక్కతే ఇచ్చుకుంటున్నదని అప్పుడు తెలిసింది. పైనున్న మాకు చీమ కుట్టినట్లయినా ఉండేది కాదు. ఆ జిడ్డుకు ఫ్లాటు నంబరు రాసి ఉండదు గదా!

అసోసియేషను సమావేశంలో ఒక పెద్దమనిషి, "వీధి మ్యాన్‌హోలులోకి ఎవరినైనా దింపితే అరగంటలో తేలిపోతుంది" అన్నారు. నాకు గుండె ఝల్లుమన్నది. ఆ గోతులలో విషవాయువుంటుంది. లోపలికి పోయినవాడు పైకి వస్తాడన్న భరోసా లేదు. తగిన రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు వస్తుంది, మనిషి వస్తాడా? చివరకు యంత్రాన్నే పిలిపించారు. ఖర్చు అన్ని ఫ్లాటులూ సమంగా పంచుకోవాలని తీర్మానమూ అయింది.

సోదరీమణులకు నా మనవి ఒక్కటే. మూకుడును, నేతి గిన్నెను కడిగే ముందు పాత కాగితంతో ఒక్కసారి తుడిచి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయండి. మాడు నూనెను సీసాలో పోసి మూత బిగించి పారవేయండి. సింకుకు సన్నని కన్నాల జల్లెడ పెట్టండి. వారానికొకసారి చెయ్యి చురుక్కుమనేంత వేడి నీళ్లు, సబ్బు కలిపి పోయండి. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడతాయి. అర నిమిషం పని. ఆ అర నిమిషం కిందింటి మామ్మగారి వంటిల్లును కాపాడుతుంది. ఏ తల్లి బిడ్డనో గోతిలోకి దిగనివ్వకుండా ఆపుతుంది.