గోల్ కొట్టని కాళ్ళు, అదుపు తప్పిన నాలుకలు

ఇషా నమాజు ముగిసిన తరువాత మదీనాగూడలో ముంబయి రహదారి పక్కనున్న చాయ్ హోటలు ముందు కొందరు యువకులు చేరడం మా వీధివారికి అలవాటైన దృశ్యం. ఒకరు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒకరు ఏ.సి. మెకానిక్, మరొకరు ఇంజనీరింగ్ విద్యార్థి. చిన్నతనంలో వీరందరూ మా వద్ద ఖాయిదా చదివినవారే. 2024-25 చలికాలమంతా వారి మాటలు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. హైదరాబాద్ ఎఫ్.సి. ఎందుకు ఓడిపోతున్నది? గోల్ కొట్టవలసిన స్ట్రైకర్ ఎందుకు కొట్టలేకపోతున్నాడు? అతణ్ణి తెచ్చినవారి తెలివి ఏమైనది?

మేము ఆటగాళ్ళము కాము, ఆట తెలిసినవారమూ కాము. అయినా వారి మాటలు మా నడకను ఆపాయి. ఆ రోజు జట్టు మరొక మ్యాచ్ ఓడిపోయింది. బ్రెజిల్ నుండి వచ్చిన ఫార్వర్డ్‌కు మా కుర్రవాళ్ళు ఒక మారుపేరు పెట్టారు. అది ఇక్కడ రాయదగినది కాదు. అతని నడకను, పరుగును అనుకరిస్తూ నవ్వుకుంటున్నారు. ఒకరు అతని జీతాన్ని లెక్కగట్టి, "హరామ్ సంపాదన" అని కూడా అనేశారు. నమాజు చదివి వచ్చిన నోళ్ళనుండే ఆ మాట వెలువడటం మాకు బాధ కలిగించింది. అయితే వారి బాధలో నిజం లేదని కూడా మేము అనలేము.

అందలం నుండి అడుగుకు

మదీనాగూడ నుండి కొత్తగూడ, కొండాపూర్ మీదుగా వెళితే గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం వస్తుంది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి.కి అదే సొంత మైదానం. పుట్టిన మూడేళ్ళకే, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఈ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయ్యింది. ఆట ముగియవస్తున్న 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేయగా, షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు. ఆ సీజనులో నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. మరుసటి ఏడు కూడా జట్టు పట్టికలో రెండవ స్థానంలో నిలిచింది.

ఆ తరువాత కథ తలకిందులైంది. 2023-24 సీజనులో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. సీజను మొత్తం మీద కొట్టిన గోల్స్ పది. రెండేళ్ళ క్రితం ఒక్క ఒగ్బెచె కొట్టినవాటికంటే కూడా తక్కువ. 2024-25లో యాజమాన్యం మారింది. కొంత కుదుటపడినా 24 మ్యాచ్‌లలో నాలుగే గెలిచి, 13 జట్లలో 12వ స్థానంలో ఆగింది.

ఈ అంకెలు మాకు చెప్పినవాడు ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "మౌలానా, ఒగ్బెచె వంటివాడు ఉన్నచోట ఇలాంటివాణ్ణి తెచ్చి పెడితే మాకు కోపం రాదా?" అని అడిగాడు.

పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన అప్పుడు నోరు విప్పారు. డెబ్బై దాటిన వయసు. పాతబస్తీలో పుట్టి, కొడుకు ఉద్యోగం వలన ఇటు వచ్చి స్థిరపడినవారు. చిన్నతనంలో తండ్రి వేలు పట్టుకొని ఫతే మైదాన్‌లో ఆటలు చూసినవారు. "బేటా, అతనికి బంతి అందించేవాడెవడో ముందు చెప్పు" అన్నారు.

కుర్రవాళ్ళు తడుముకున్నారు. చాచా నెమ్మదిగా వివరించారు. స్ట్రైకర్ అనేవాడు వరుసలో చివరివాడు. వెనుకనున్న డిఫెండర్ బంతిని సరిగా బయటకు ఇవ్వాలి, మధ్యలోనివాడు దానిని నిలబెట్టాలి, అంచున పరుగెత్తేవాడు సరైన క్షణంలో లోపలికి పంపాలి. ఈ మూడూ జరిగిన తరువాతనే స్ట్రైకర్ కాలికి పని. పది మంది పొరపాట్లు కనబడకుండా పోతాయి, పదకొండవవాని పొరపాటు మాత్రం గోల్ ముందు అందరికీ కనబడుతుంది. మీరు నవ్వుతున్న అలన్ పౌలిస్టాయే అక్టోబరు 26న కోల్‌కతాలో మహమ్మడన్ స్పోర్టింగ్‌పై రెండు గోల్స్ కొట్టాడు, ఆ రోజు జట్టు 4-0తో గెలిచింది, ఆ రాత్రి ఇదే బల్ల మీద మీరు అతణ్ణి ఆకాశానికెత్తలేదా అని చాచా అడిగారు. ఎవరూ బదులు చెప్పలేదు.

రహీం సాబ్ వెతికిన స్ట్రైకర్

ఈ నగరానికి స్ట్రైకర్ కొరత కొత్తేమీ కాదు. దానిని తీర్చిన పద్ధతి ఒకటి మన పెద్దలు చూపి వెళ్ళారు.

1909లో హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. జనం ప్రేమగా 'రహీం సాబ్' అనేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది.

1962 ఆగస్టు-సెప్టెంబరులో జకార్తా ఏషియన్ క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండ్‌పై గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతణ్ణి వెనుక ఆడించడం కష్టం. మరొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అలా చేయలేదు. జర్నైల్ గతంలో ముందువరుసలో కూడా ఆడినవాడని ఆయనకు తెలుసు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. అతడు గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, కుట్లు పడిన తలతో జర్నైల్ మరొక గోల్ కొట్టగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. మరుసటి ఏడు జూన్ 11న ఆయన ఈ లోకం విడిచారు.

చాచా ఈ సంఘటన చెప్పినప్పుడు ఆ బల్ల చుట్టూ నిశ్శబ్దం ఆవరించింది. ఉపాధ్యాయులమైన మాకు అందులో మా వృత్తి కనబడింది. విద్యార్థి ఒక పాఠంలో వెనుకబడితే, వాడు కూర్చున్న చోటు సరైనదేనా, వాడిలో మేము చూడని శక్తి మరేదైనా ఉన్నదా అని మేము ఎన్నిసార్లు వెతికాము?

రహీం సాబ్ బయటినుండి కొని తెచ్చినవారికంటే తయారు చేసినవారే ఎక్కువ. ఎడమకాలు బలహీనంగా ఉన్న కుర్రవాళ్ళ కోసం బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టించేవారట. తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్ ఈ గడ్డ మీద ఎదిగినవారే. తరువాతి తరంలో 1970 బ్యాంకాక్ ఏషియన్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులోని మహమ్మద్ హబీబ్ 1977లో కోల్‌కతాలో పీలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. వీరిలో పలువురు మనవంటి సామాన్య కుటుంబాల పిల్లలే.

ఎవరూ అడగని ప్రశ్న

2023-24 జట్టు అలా కూలిపోవడానికి కారణం కాళ్ళలో కంటే ఖజానాలోనే ఎక్కువగా ఉన్నది. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు నెలల తరబడి అందలేదు. బకాయిలు తీర్చనందున కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ సీజను మధ్యలోనే వెళ్ళిపోయారు. మిగిలిన యువకులు ప్రతి వారం మైదానంలోకి దిగి ఓడిపోయి తిట్లు తిన్నారు. ఇదంతా పత్రికలలో వచ్చినదే. మా కుర్రవాళ్ళు కూడా చదివినదే. అయినా వారి ఎగతాళి అంతా గోల్ కొట్టనివాని మీదనే సాగింది, జీతం ఇవ్వనివారి మీదకు వెళ్ళలేదు.

ఇతరులను వేలెత్తి చూపే ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా పర్యవేక్షణలో ఉన్న ఒక మక్తబ్‌లో ఒక యువ హాఫిజ్ సాబ్ బోధించేవారు. మొదట్లో ఎంతో శ్రద్ధ. క్రమంగా ఆలస్యంగా రావడం, తరగతిలో కునుకు తీయడం మొదలైంది. తల్లిదండ్రులు మాకు ఫిర్యాదు చేశారు. మేము ఆయనను పిలిచి, పిల్లల ఎదుటనే, "ఇది అమానత్ అని మరచిపోయారా?" అని గట్టిగా మందలించాము. ఆయన తల వంచుకున్నారే తప్ప ఒక్క మాట అనలేదు. నెల తరువాత తెలిసింది. కమిటీ ఆయనకు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. ఇంటి అద్దె కోసం ఆయన రాత్రి ఒంటిగంట దాకా బైకు మీద భోజనాల డెలివరీ చేసి, ఫజ్ర్‌కు లేచి పిల్లల ముందుకు వస్తున్నారు.

ఆయన తప్పును మేము వెంటనే చూడగలిగాము. దాని వెనుకనున్న మా వ్యవస్థ తప్పును చూడలేదు, అడగనూ లేదు. క్షమాపణ అడిగితే ఆయన చిరునవ్వుతో క్షమించారు. కమిటీ బకాయి కూడా చెల్లించింది. కాని రమజాన్ ముగియగానే ఆయన వేరే ఊరికి వెళ్ళిపోయారు. అంత చక్కగా తజ్వీద్ నేర్పేవారు మాకు మళ్ళీ దొరకలేదు.

ఈ సంగతి మేము ఆ చాయ్ హోటలు ముందే ఆ యువకులకు చెప్పాము. పనివానికి కూలి ఆలస్యం చేయకుండా ఇవ్వమని దైవప్రవక్త (స) చేసిన తాకీదు మనకందరికీ తెలుసు. ఎగతాళిని, మారుపేర్లతో పిలవడాన్ని, పరోక్షనిందను సూరా హుజురాత్ నిషేధించిన సంగతీ తెలుసు. ఈ రెండు ఆజ్ఞలు ఒకే మనిషి విషయంలో కలిసే చోటు ఒకటున్నదని మాత్రం మాకు ఆ హాఫిజ్ సాబ్ వలన తెలిసింది. జీతం అందక కుంగినవాణ్ణి పని చేతకానివాడని నవ్వితే, అతని హక్కును ఒకరు తిన్నారు, గౌరవాన్ని మరొకరు తిన్నారు.

"అయితే ఆట గురించి మాట్లాడుకోవడమే తప్పా, హజ్రత్?" అని ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. కాదు. ఫలానా పాస్ తప్పింది, ఫలానా చోట నిలబడవలసింది, ఫలానా ఆటగాణ్ణి తీసుకోవడం సరైన నిర్ణయం కాదు అనడం విమర్శ. అందులో మేలు ఉన్నది. మనిషి రూపాన్ని, దేశాన్ని, సంపాదనను, ఉద్దేశాన్ని పట్టుకోవడం నింద. రహీం సాబ్ తన ఆటగాళ్ళ లోపాలు ఎరగనివారు కాదు. ఎరిగినందువల్లనే బలహీనమైన కాలికి బలం చేకూర్చగలిగారు.

ఖాళీ అయిన మైదానం

2025 అక్టోబరులో ఆ జట్టు మన నగరాన్ని వదిలి ఢిల్లీకి తరలింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. నగరంలో శ్రీనిధి దక్కన్ వంటి జట్టు ఉన్నప్పటికీ, మా కుర్రవాళ్ళు తమదిగా భావించింది గచ్చిబౌలి జట్టునే. ఎవరిని తేవాలి, ఎవరిని పంపాలి అని ఏడాదంతా వాదించినవారికి ఇప్పుడు వాదించుకోవడానికి జట్టే లేదు. కొన్నాళ్ళు ఆ బల్ల వద్ద ఎవరూ కనబడలేదు.

తరువాత ఒక ఆదివారం ఫజ్ర్ అయిన కొద్దిసేపటికి ఏ.సి. మెకానిక్ మా వద్దకు వచ్చాడు. దగ్గరలోని ఒక పాఠశాల మైదానం ఆదివారం ఉదయం రెండు గంటల కోసం ఇప్పించమని, మేము అడిగితే యాజమాన్యం కాదనదని అన్నాడు. మదీనాగూడలో, హఫీజ్‌పేటలో మేము ఎరిగిన ఖాళీ జాగాలు చాలావరకు అపార్ట్‌మెంట్లు అయిపోయాయి. పిల్లలకు బంతి తన్నే చోటు లేదు. మేము వెళ్ళి అడిగాము, వారు ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇరవై మంది దాకా పిల్లలు వస్తున్నారు. అందులో మా మదరసా పిల్లలూ ఉన్నారు, వీధిలోని హిందూ సోదరుల పిల్లలూ ఉన్నారు. చివరి పావుగంట అందరూ ఎడమకాలితోనే ఆడాలన్నది చాచా పెట్టిన నియమం. బంతి ఎటో పోతుంది, పిల్లలు పడిపడి నవ్వుతారు. గోల్ తప్పినవానికి పేరు పెట్టకూడదన్నది మేము పెట్టిన నియమం.

పాఠకులైన తల్లిదండ్రులకు మా మనవి రెండే. మీ పిల్లలు టీవీ ముందు కూర్చొని ఒక ఆటగాణ్ణి తిడుతుంటే, ఆట కట్టేయమనకండి, అతనికి బంతి అందించినవాడెవడో చూడమని చెప్పండి. రెండవది, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి, మీ దుకాణంలోని కుర్రవానికి, మీ పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పే ఉస్తాదుకు ఈ నెల జీతం చేరిందా లేదా అని ఈ రోజే ఒకసారి చూసుకోండి. వారి పనిలో లోపం ఎంచడం తరువాతి సంగతి.

అల్లాహ్ మన నాలుకలను, మన లావాదేవీలను సరిదిద్దుగాక. ఆమీన్.