విత్తన పొట్టేళ్ల సంతానోత్పత్తి సామర్థ్యంపై మొక్కల రసాయనాల ప్రభావం

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో పత్తి సాగు, గొర్రెల పెంపకం రెండూ రైతు కుటుంబాలకు జీవనాధారాలు. పత్తి గింజల నుండి నూనె తీయగా మిగిలిన చెక్క మాంసకృత్తులు అధికంగా గల దాణా. అయితే విత్తన పొట్టేలుకు దీనిని మేపే విషయంలో జాగ్రత్త అవసరం. రాష్ట్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చారు. ఒక గొర్రె చూలు కట్టకపోతే దాని ఈత మాత్రమే పోతుంది. పొట్టేలు వీర్యం క్షీణిస్తే ఆ యూనిట్ మొత్తం నష్టపోతుంది.

గాసిపాల్ పనిచేసే తీరు

పత్తి మొక్కను కీటకాల నుండి కాపాడే గాసిపాల్ అనే పసుపు పదార్థం గింజలలోనూ ఉంటుంది. ఇది వీర్యకణం మధ్యభాగంలోని మైటోకాండ్రియాను దెబ్బతీయగా, శక్తి అందక కణం చలనాన్ని కోల్పోతుంది. మోతాదు పెరిగితే కణాల సంఖ్య కూడా తగ్గుతుంది. శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన చైనా గ్రామాలలో సంతానలేమి కనిపించడంతో ఈ గుణం వెలుగులోకి వచ్చింది. 1970లలో అక్కడ 8,000 మందికి పైగా పురుషులపై దీనిని గర్భనిరోధకంగా పరీక్షించారు. రక్తంలో పొటాషియం తగ్గడం, కొందరిలో సంతానశక్తి తిరిగి రాకపోవడం వల్ల ఆ ప్రయత్నాన్ని విరమించారు.

గాసిపాల్‌లో హాని కలిగించేది ప్రధానంగా స్వేచ్ఛా రూపం. నూనె తీసేటప్పుడు వేడి తగిలితే అది మాంసకృత్తులలోని లైసిన్‌తో బంధితమై విషప్రభావం తగ్గుతుంది. లైసిన్ లభ్యత కూడా కొంత తగ్గుతుంది. ఎదిగిన జీవాల ప్రథమ ఆమాశయంలోనూ ఈ బంధనం జరుగుతుంది. కానీ ఆ శక్తికి పరిమితి ఉంది. ఆమాశయం పూర్తిగా వృద్ధి చెందని పిల్లలకు ఆ రక్షణ ఉండదు.

మూలికా సారాలు

మూలికల ప్రభావం మోతాదు, తయారీ విధానం, జీవజాతిని బట్టి మారుతుంది. లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సంతానలేమి గల పురుషులు దూలగొండి గింజల పొడిని 3 నెలలు తీసుకోగా వీర్యకణాల సంఖ్య, చలనం మెరుగుపడ్డాయి. ఇందుకు భిన్నంగా, రాజస్థాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బొప్పాయి గింజల క్లోరోఫాం సారాన్ని కొండముచ్చులకు ఇవ్వగా వీర్యంలో కణాలే లేకుండా పోయాయి; సారం ఆపిన తరువాత అవి తిరిగి ఏర్పడ్డాయి. మనుషులలోనో కోతులలోనో వచ్చిన ఫలితాన్ని పొట్టేలుకు నేరుగా అన్వయించరాదు. అంగడిలో దొరికే మూలికా పొడులను ‘సహజం’ అన్న కారణంతోనే సిఫారసు చేయడమూ తగదు.

పాటించవలసిన జాగ్రత్తలు

పొట్టేలులో వీర్యకణం తయారు కావడానికి సుమారు 49 రోజులు, ఆ తరువాత పరిపక్వతకు మరో రెండు వారాల వరకు పడుతుంది. కనుక నేటి మేత ఫలితం వీర్యంలో పూర్తిగా తెలియడానికి రెండు నెలలు కావాలి. దాటింపు కాలానికి కనీసం రెండు నెలల ముందే విత్తన పొట్టేలు దాణాలో పత్తి చెక్కకు బదులు వేరుశనగ చెక్క చేర్చడం మేలు. పొట్టేలు పిల్లలకు పత్తి చెక్క పెట్టరాదు. మేత మార్చే ముందు ఒకసారి, రెండు నెలల తరువాత మరొకసారి పశువైద్యుని చేత వీర్య పరీక్ష చేయించాలి.

చూలు నిలవని మందలలో విస్తరణ శాస్త్రవేత్తలు గొర్రెల ఆరోగ్యంతోపాటు పొట్టేలు దాణా వివరాలను, గత రెండు నెలలవి, తప్పక నమోదు చేయాలి.